వాస్తవ్యు లెవరు?

ఈ నడుమ మన నగరముయొక్క తూర్పు భాగమునందు, ముఖ్యముగా దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి.నగరు కూడలి దాటి వనస్థలిపురమువరకు గల గృహములయందు, వంశచరిత్రలు వ్రాయించుకొను వేడుక మిక్కిలి ప్రబలినది. షష్టిపూర్తికి వచ్చినవారికి తాంబూలముతోపాటు నలువది పుటల పుస్తక మొకటి చేతికిత్తురు. పెండ్లి స్వర్ణోత్సవమునకు పోయినను అంతే. అందు తాతముత్తాతల ఛాయాపటములును, వారి పుట్టుక, పెండ్లి, ఉద్యోగముల తేదులును, చెట్టుకొమ్మలవలె గీచిన వంశవృక్షమును ఉండును. ఈ వేడుకను మేము పరిహసింపము. వంశావళి యనునది చిరకాలము రాజులకును, జమీందారులకును, వారిని పొగడి బ్రతుకు భట్టురాజులకును చెందిన సొత్తుగా నుండెను. నేడు రైలు కార్ఖానాలో సుత్తె పట్టినవాని మునిమనుమరాలు తన ముత్తవ్వ పేరు తెలిసికొనగోరుచున్నది. ఇది సంతోషింపదగిన మార్పు. మా మొర యంతయు, ఆ కోరిక తీర్చుకొనుటకు మనవారు పట్టుకొనుచున్న ఆధారమును చదువు విధమును గూర్చియే.

ఆధార మేది? పాత వివాహ పుస్తకములు. హిందూ గృహములలో ననేకములయం దిట్టివి లేవు. లగ్నపత్రికయు, పురోహితుని జ్ఞాపకశక్తియు తప్ప వేరు సాక్ష్యము లేదు. క్రైస్తవ గృహములవారికి మాత్రము ఆ భాగ్యము కలదు. దేవాలయములవారు తాము జరిపించిన పెండ్లిండ్లను తరతరములుగా పుస్తకముల కెక్కించుచు వచ్చిరి. అందు వధూవరుల పేర్లప్రక్కన నివాసమును తెలుపు మాట యొకటి యుండును. వంశచరిత్ర వ్రాయువాని కన్ను మొట్టమొదట ఆ మాటమీదనే పడును. సికిందరాబాదని యున్నచో, "మా వంశమువారు అనాదిగా సికిందరాబాదువారు" అని వ్రాసివేయును. ఆ మాటకు వంశముతో నే సంబంధమును లేదని మా వాదము. ఆ దినమున ఆ పెండ్లిని జరిపించుటకు ఆ గురువున కధికారము కలదా యను ప్రశ్నకు మాత్రమే యది ప్రత్యుత్తరము. ప్రశ్న నెరుగక ప్రత్యుత్తరమును చదువువాడు మోసపోవును. మేమును మోసపోతిమి, మమ్ము నమ్మినవారినికూడ మోసపుచ్చితిమి. ఆ కథ చెప్పక తప్పదు.

మేము కొత్తపేటకు సమీపమందలి యొక పాఠశాలయందు ఇరువదేండ్లుగా తెలుగును, అప్పుడప్పుడు సంస్కృతమును, ఉపాధ్యాయులు చాలనప్పుడు ఇంగ్లీషును చెప్పుచున్నాము. ఇరుగుపొరుగువారు తమ కర్థముకాని కాగిత మేది వచ్చినను మాయొద్దకు తెత్తురు. మూడేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకడు తన ముత్తాతయొక్క వివాహపత్రపు నకలు తెచ్చి, తెలుగు చేసి యిమ్మని కోరెను. 1936వ సంవత్సరమున సికిందరాబాదునందలి యొక కతోలిక దేవాలయమున జరిగిన పెండ్లి యది. వరుడు లాలాగూడ రైలు కార్ఖానాలో పనివాడు. వధువు పేరున కెదురుగా, వివాహకాలమందలి నివాసమని యర్థమిచ్చు ఇంగ్లీషు శీర్షికక్రింద, సికిందరాబాదని యుండెను. మేము వాక్యము చెవికింపుగా నుండవలెనను దురాశచేత "సికిందరాబాదు వాస్తవ్యురాలగు" అని వ్రాసి, క్రింద సంతకముకూడ చేసి యిచ్చితిమి. పది నిముషముల పని. ఆ ముక్క యట్లే పుస్తకమున కెక్కెను. పుస్తకము బంధువుల యిండ్ల కెక్కెను.

మరుసటి వేసవియందు నల్లగొండ సీమనుండి ఏబదియేండ్ల మనుష్యు డొకడు కూతురి పెండ్లిపత్రికలు చేతబట్టుకొని ఆ యింటికి వచ్చెను. తన తాతయు ఆ 1936 నాటి పెండ్లికూతురును ఒకతల్లి బిడ్డలని చెప్పెను. ఇంటి యజమానుడు, అనగా మా విద్యార్థి తండ్రి, చెడ్డవాడు కాడు. అయినను నగరమున మోసములు పెక్కు జరుగుచున్న దినములు. అతడు పుస్తకము తెరిచి మా వాక్యమును చూపి, "మావోళ్లు సికింద్రాబాదోళ్లు. మాకు ఊర్లె ఎవ్వరు లేరు" అని గుమ్మమునుండియే పంపివేసెను. ఎండలో వచ్చినవానికి మంచినీళ్లుకూడ ఈయలేదు. పత్రిక మాత్రము గేటుమీద మిగిలిపోయెను.

ఆ యింట ఎనుబదియైదేండ్ల అవ్వ యొకతె కలదు. ఆ పెండ్లికూతురి కడపటి బిడ్డ యామెయే. విద్యార్థి తాతకు చెల్లెలు. ఆసుపత్రియందు నర్సుగా పనిచేసి విరమించినది. ఆనాడు కన్ను చూపించుకొనబోయి సాయంకాలము తిరిగివచ్చి పత్రిక చూచినది. మరునాడు కర్రయూతతో మా యింటికి వచ్చి కూర్చుండి, మేమిచ్చిన కాఫీ ముట్టక, ఇట్లనెను: "సారూ, నువ్వే గద రాసింది? మా అమ్మది సికింద్రాబాదు కాదు. నల్లగొండ దిక్కు, మూసీ అవుతల. పెండ్లికి నెల దినాల ముందుగాల తెచ్చి మా పెద్దమ్మ ఇంట్ల ఉంచిండ్రు. గా నెల దినాలు ఊరు యాదికొచ్చి ఏడ్సిందట. నేను చెప్తె ముసలిదాని మాట అంటరు. కాయిదం చెప్తె నిజమంటరు. వాస్తవ్యురాలంటె ఏంది సారూ?"

ఇరువదేండ్లు బడిపంతులుగా నుండియు మేము ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి.

తరువాత ఆమెను వెంటబెట్టుకొని సికిందరాబాదునకు పోయి, విచారణ గురువుల యనుమతితో మూలపుస్తకమును చూచితిమి. (తెలుగు కతోలికులు తమ గురువుయొక్క యధికారములోని ప్రదేశమును విచారణ యందురు. కచేరీ విచారణయే యెరిగిన మాకు ఆ మాట మొదట వింతగా దోచినను, యోగక్షేమములు విచారించు చోటు విచారణయగుట బాగుగనే యున్నది.) మూలము లాటిను భాష. మాకది రాదు, గురువులే చదివి చెప్పిరి. వధువు పేరుతరువాత రెండు మాటలుండెను. ఒకటి "ఓరియుండా", అనగా ఫలానిచోటినుండి పుట్టివచ్చినది. దానియెదుట వంకరటింకర యక్షరములతో ఒక పల్లె పేరు. రెండవది "కొమ్మొరాన్స్", అనగా ఇప్పుడు ఫలానిచోట మకాముండునది, దానియెదుట సికిందరాబాదు. నకలు వ్రాయు అచ్చుకాగితమునందు ఒక్కటే గడి యుండుటచేత మకాము నిలిచి పుట్టినయూరు జారిపోయినది. నకలిచ్చినవారి తప్పేమియు లేదు. అడిగిన గడిని పూరించిరి. మకామును వాస్తవ్యముగా పెంచినవారము మేమే.

ఆ నెల దినముల సంగతి యేమో విచారించితిమి. కతోలిక సభయొక్క ధర్మశాస్త్రము 1917లో ఒకే సంహితగా వెలువడి 1918నుండి అమలునకు వచ్చెను. అందు నివాసమునుబట్టి మనుష్యులకు నాలుగు పేర్లు పెట్టిరి. స్థిరనివాసముగలవాడు ఇన్‌కొల. సంవత్సరములో నెక్కువ భాగము నిలువనెంచి యొకచోట నున్నవాడు అద్వెన. తన స్థలము విడిచి పరస్థలమున నున్నవాడు పెరెగ్రీనుస్. ఎచ్చటను నెలవు లేక తిరుగువాడు వాగుస్. స్థిరనివాసము రెండు విధములుగా గలుగును: ఎల్లకాలము ఉండు తలంపుతో చేరుటవలననైనను, పదియేండ్లు నిండ నొకచోట నుండుటవలననైనను. ఇంత సూక్ష్మముగా విభజించిన ఆ శాస్త్రమే, పెండ్లి జరిపించు అధికారముకొరకు మాత్రము వీనికి వేరుగా మరియొక వెసులుబాటు కల్పించినది. వధూవరులలో ఒకరు ఆ విచారణలో నొక్క నెల యున్నచో చాలును. 1908నుండి అమలయిన అంతకుముందటి శాసనమునందును ఈ నెల గడువు కలదు. సాధారణముగా పెండ్లి వధువుయొక్క గురువునెదుటనే జరుగవలెనను నియమము గూడ నుండుటచేత, గురువు సంవత్సరమున కెన్నడో వచ్చిపోవు పల్లెలోని పిల్లను పట్టణమందలి పెద్దమ్మ యింట నెల దినము లుంచుట సులువైన మార్గము. దానివలన గురువునకు పెండ్లి జరిపించు నధికారము కలిగెను. పిల్ల యా నెలచేత ఇన్‌కొలయు కాలేదు, అద్వెనయు కాలేదు. శాస్త్ర మీయని గౌరవమును మా తెలుగు వాక్యము ఇచ్చెను! 1983లో వెలువడిన క్రొత్త సంహిత పదియేండ్లను ఐదేండ్లుగను, అర్ధస్థిరనివాసమునకు మూడు నెలలుగను మార్చినది. పెండ్లికి కావలసిన ఆ నెల మాత్రము నెలగనే నిలిచినది.

ఇది కతోలికుల సంగతిమాత్రమే యని ప్రొటెస్టెంటు గృహములవారు సంతోషింప నక్కరలేదు. సికిందరాబాదు, తిరుమలగిరి దండులయందలి ఇంగ్లీషు దేవాలయముల పుస్తకములు ఇంగ్లండు అచ్చులో పోసినవి. ఆ దేశమున 1753లో లార్డు హార్డ్విక్కు చేయించిన వివాహశాసనము 1754వ సంవత్సరము మార్చి 25వ తేదినుండి అమలయ్యెను. చాటుమాటు పెండ్లిండ్లను మాన్పుటకై, వధూవరులు నివసించు విచారణయందు మూడు ఆదివారములు చాటింపు జరుగవలెననియు, చాటింపు వలదని అనుమతిపత్రము పొందువారు నాలుగు వారములు అచ్చట నుండవలెననియు నందు విధించిరి. 1823 నాటి శాసనముచే ఆ నాలుగు వారములు పదునైదు దినములయ్యెను. నాటినుండి పుస్తకములయందు "ఈ విచారణకు చెందిన" అను ముద్రపడిన మాట వధూవరు లిరువురకును తగిలింపబడుచు వచ్చెను. మనస్సాక్షిగల వ్రాయసకాడు "సోజర్నరు", అనగా తాత్కాలికముగా బస చేసినవాడు, అని వేరుగ వ్రాసెను. తొందరలోనున్నవాడు అందరిని ఆ విచారణవారినే చేసెను. వింత యేమన, పెండ్లి యయినపిదప వధూవరులు నిజముగా నచ్చట నివసించిరని ఋజువు చేయనక్కరలేదని ఆ 1753 శాసనమే చెప్పుచున్నది. ఋజువడుగుటను చట్టమే మానుకొన్న మాటను రెండువందల యేండ్లతరువాత మనము ఋజువుగా చూపుచున్నాము.

1837 జూలైనుండి ఇంగ్లండునందు వాడుకలోనికి వచ్చిన పట్టికలో ఆ గడి శీర్షిక "వివాహకాలమందలి నివాసము" అని స్పష్టముగా నున్నది. కాలము అను మాటను చదువరులు దాటిపోకుందురుగాక. మన దేశమున 1872లో చేసిన క్రైస్తవ వివాహశాసనము ఇంతకన్న నిర్మొగమాటముగా మాటాడినది. గవర్నమెంటు అనుమతిపొందిన గురువుచే పెండ్లి చేయించుకొనగోరువారు ముందుగా నీయవలసిన నోటీసునందు, తమ నివాసమును, అచ్చట ఎంతకాలమునుండి యున్నారో ఆ కాలమును తెలుపవలెను. ఒక నెలకు మించియున్నచో "ఒక నెలయు, పైనను" అని వ్రాసిన చాలును. ముప్పదియొక్క దినము లున్న కూలివాడును, ముప్పదియొక్క తరము లున్న కాపును ఈ మాటలోనే యిముడుదురు. ఇట్టి మాటనుండి వంశముయొక్క ప్రాచీనతను పిండ జూచుట నీటిని చిలికి వెన్న కాశించుటయే.

సంఘసంస్కారులకు మిక్కిలి ప్రియమైన రిజిస్టరు పెండ్లిండ్ల గతియు నిట్టిదే. 1872 నాటి మూడవ ఆక్టుక్రింద నోటీసిచ్చుటకు వధూవరులలో ఒకరు ఆ జిల్లాయందు పదునాలుగు దినములున్న చాలియుండెను. ఇప్పటి 1954 నాటి ప్రత్యేక వివాహశాసనముక్రింద ముప్పది దినములు. దిల్‌సుఖ్‌నగరు వీథులయందు పోటీపరీక్షల శిక్షణాలయములును, వానిని కనిపెట్టుకొనియున్న వసతిగృహములును లెక్కకు మిక్కిలి. ఖమ్మమునుండి వచ్చిన యువకుడును, ఒంగోలునుండి వచ్చిన యువతియు అట్టి వసతిగృహముల చిరునామా లిచ్చి, కులభేదమును లెక్కచేయక పెండ్లాడినచో మేము సంతోషముతో సాక్షి సంతకము చేయుదుము, చేసియున్నాముకూడ. కాని నూరేండ్ల తరువాత వారి మునిమనుమడు ఆ పత్రము చూచి "మాది దిల్‌సుఖ్‌నగరు వంశము" అని వ్రాసినచో, నలుగురు పడుకొను గదిలోని యొక యినుప మంచమే వాని వంశమునకు మూలస్థానమగును.

ఇక మాటలనుగూర్చి కొంత చెప్పవలెను. మా చేయి జారినది అక్కడనే గదా. వాస్తవ్యుడను శబ్దము "వస" ధాతువునుండి వచ్చినది, వసించువాడని యర్థము. ఎంతకాలమో ఆ శబ్దము చెప్పదు. కాని తెలుగువాని చెవికి అందు "వాస్తవము" వినబడును. వస్తుశబ్దమునుండి పుట్టిన వాస్తవమునకును దీనికిని అర్థము వేరు. అయినను ఆ ధ్వనివలననే, వాస్తవ్యుడన్నంతనే నిజమైన, పాతుకొనిన కాపురస్థుడని పాఠకునకు దోచును. ఈ సంగతి వ్యాకరణము చెప్పు మాకు తెలిసియుండవలసినది. కాపురమను తెలుగుమాటయు అమాయకము కాదు. ఇల్లుండుటయు కాపురమే, ఆలుమగలు కలిసి బ్రతుకుటయు కాపురమే. పిల్లను కాపురమునకు పంపితిమందురు. అది యామెకు క్రొత్తచోటు. అట్లయ్యును పత్రములయందు ఆమెను ఆ చోటి కాపురస్థురాలనియే వ్రాయుదురు. ఈ విషయమున నిజాము కాలపు ఉర్దూ దస్తావేజు వ్రాసినవాడు మనకంటె మేలు. వాడు సాకిన్ అని స్వస్థలమును, హాల్ సాకిన్ అని ప్రస్తుత నివాసమును వేరువేరుగా వ్రాయుట కలదు. హాల్ అను ఆ చిన్నమాటను తెలుగులోనికి తెచ్చునప్పుడు విడిచినవాడు ఒక ఊరిని విడిచినట్లే.

నివాసమనగా నేమో అడుగువాని యవసరమునుబట్టి మారునని చూపుటకు నిజాము రాజ్యమే తగిన సాక్ష్యము. 1919 నాటి ఫర్మానాననుసరించి పరదేశస్థుడు ముల్కీ యనిపించుకొని ఉద్యోగము పొందుటకు పదునైదేండ్లు ఈ రాజ్యమున స్థిరముగా నుండి, మరల పూర్వస్థలమునకు పోవు తలంపు లేదని ప్రమాణము చేయవలసియుండెను. ఒకే నగరమునందు, ఒకే కాలమునందు, ఉద్యోగమడుగువానికి నివాసమన పదునైదేండ్లు, పెండ్లియాడువానికి నివాసమన ఒక నెల. వంశచరిత్రకారుడు ఈ రెంటిలో దేనిని చదువుచున్నాడో తెలిసికొనకయే కలము పట్టుచున్నాడు.

హిందూ గృహములవారు ఇదంతయు పరుల గొడవయని తలంపరాదు. మన యింటిపేర్లలో అనేకములు ఊళ్ల పేర్లే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. వారి యింటిపేరు చూచి వారిని కందుకూరున పుట్టించు అవివేకి యెవడును లేడు. పూర్వులలో నెవరో ఆ ఊరు విడిచి వచ్చిరని మాత్రమే యనుకొందుము. ఇంటిపేరునెడ చూపు ఈ మాత్రపు వివేకము అచ్చుకాగితపు గడి కనబడగానే మనలను విడిచి యెచ్చటికి పోవుచున్నదో తెలియదు.

మనుష్యుడు కదలక ఊరి పేరే కదలుటయు కలదు. ఎల్.బి.నగరనగా లాల్ బహదూరు నగరు. 1966లో కాలధర్మము నొందిన ప్రధానమంత్రి శాస్త్రిగారి పేర వెలసినది. కాబట్టి 1936 నాటి పుస్తకమున ఆ పేరు వెదకువాడు వెఱ్ఱివాడు. సరూర్‌నగరు, కర్మన్‌ఘాటు, మన్సూరాబాదు, నాగోలు, హయత్‌నగరు అను గ్రామనామములను వెదకవలెను. ఆ గ్రామములలో కదలక మెదలక యున్న యొక రైతు ఇల్లు నిజాము కాలమున అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. పోలీసుచర్య తరువాత హైదరాబాదు జిల్లాలోనిది. 1978 ఆగస్టునుండి రంగారెడ్డి జిల్లాలోనిది. తాత పత్రమున నొక జిల్లా, తండ్రి పత్రమున నొక జిల్లా, కొడుకు పత్రమున నొక జిల్లా చూచి, "మావారు ముమ్మారు వలసపోయిరి" అని వ్రాసిన పుస్తకము నొకదానిని మేము చదివితిమి. వారు పెరటి వేపచెట్టునైన దాటియుండరు. గడ్డిఅన్నారము పండ్ల బజారనునది యేండ్లతరబడి కొత్తపేటలో నుండెను. అది బాటసింగారమునకు తరలిపోయిన తరువాతకూడ మామిడిపండ్ల వర్తకుల నోట గడ్డిఅన్నారమే వినబడుచున్నది. బజారు పేరుకే యింత మొండితనమున్నప్పుడు పల్లెల పేర్ల సంగతి చెప్పనేల?

మాతో వాదించువా రొకమాట అందురు. దానిని తేలికగా త్రోయరాదు. "పల్లెను వెదకి పైకి తీయుటవలన లాభమేమి? ఆ పల్లెయందు మా తాతకు ఊరిబావి నీరు లేదు. వాడపేరు చెప్పగనే కులము తెలిసెడిది. సికిందరాబాదు దండునకు వచ్చి, రైలు పనిలో చేరి, పత్రమున సికిందరాబాదని వ్రాయించుకొని మనుష్యుడైనాడు. ఆ మాట వానికి క్రొత్తపుట్టుక. దానిని మీరు తుడిచివేయుదురా?" ఇట్లు మాకు ముఖముమీదనే చెప్పినవారు కలరు. వారి తాత చేసినది నూటికి నూరుపాళ్లు న్యాయము. అవమానించిన ఊరి పేరు మోయవలసిన ఋణ మెవనికిని లేదు. బ్రతికియున్నవాడు తన్ను తా నెట్లు చెప్పుకొనునో అది వాని స్వాతంత్ర్యము. కాని మునిమనుమడు చరిత్ర యని పేరుపెట్టి అచ్చువేయుచున్నాడు. చరిత్రలో ఆ తాతయొక్క ఘనతయంతయు, బావి దగ్గర దూరముగా నిలిచిన పల్లెనుండి కార్ఖానావరకు నడిచిన దూరమునందే యున్నది. మొదటి చోటును చెరిపివేసినచో వాడు నడువనేలేదు. సికిందరాబాదులోనే పుట్టి సికిందరాబాదులోనే కూర్చున్నాడు. అవమానించిన ఊరివారికి ఇంతకంటె మేలుచేయు చరిత్ర వేరొకటి లేదు.

స్త్రీల సంగతి యింకను అన్యాయము. పురుషుడు పట్టణమునకు తానుగా వచ్చెను. వాని మకామునకు వాని యిష్టము కొంత కారణము. పెండ్లికూతురి నివాసమో, ఆమెను తెచ్చి యుంచిన చోటు. పెద్దమ్మ యిల్లు, మిషను బడి, ఒక్కొక్కచో వరుని యింటి చిరునామాయే! ఆ పట్టికలయందు తండ్రి పేరునకు గడి కలదు, తల్లి పేరునకు లేదు. తల్లి పేరు పోయి, పుట్టినయూరును పోయినచో, ఆ పిల్ల వంశవృక్షమునందు వ్రేళ్లు లేని కొమ్మయై వ్రేలాడును. స్త్రీవిద్యనుగూర్చి సభలలో గంటలకొలది మాటాడు గృహస్థులు తమ వంశపుస్తకమునందు ముత్తవ్వల యూళ్ల నిట్లు మాయము చేయుచున్నారని మేము కష్టపడి గాక సులభముగానే చూపగలము. మా బల్లమీద అట్టివి పదునాలుగు కలవు.

అయిన నేమి చేయవలెనందురా? నకలు చాలదు, మూలము చూడవలెను. కంపెనీ కాలమునుండి ఇంగ్లీషు దేవాలయముల వివాహ పుస్తకముల ప్రతులు సీమకు పంపబడి నేడు లండనునందలి బ్రిటిషు లైబ్రరీలో నున్నవి. అవియు ప్రతులే, ప్రతి వ్రాసిన చేతి తప్పులు వానికిని తప్పవు. ఒక్క వివాహ పుస్తకముతో ఆగక, అదే మనుష్యుని బాప్తిస్మపు పుస్తకమును, చాటింపు పుస్తకమును, సాక్షుల పేర్లను, సమాధుల పుస్తకమును చూడవలెను. సాక్షుల పేర్లు మిక్కిలి ముఖ్యము. నెల దినములు ఎవరి యింట నుండిరో పలుమారు అక్కడనే బయటపడును. అన్నిటికంటె ముందు ఇంటనున్న ముసలివారి నడుగవలెను. వారి తేదులు తప్పవచ్చును గాని ఊళ్లు సామాన్యముగా తప్పవు. కాగితమును, ముసలివారి మాటను భేదించినప్పుడు, రెంటిలో నొకటి యబద్ధమని తీర్మానించుటకు ముందు, ఆ రెండును వేరువేరు ప్రశ్నలకు ప్రత్యుత్తరములు కావచ్చునేమో విచారింపవలెను. ఆ యవ్వ చెప్పినది ఆమె తల్లి యెచ్చటిదో. కాగితము చెప్పినది ఆమె తల్లి ఆ నెల యెచ్చట నుండెనో. రెండును నిజమే. మా వాక్యమొక్కటే అబద్ధము.

మూలపుస్తకము చూచివచ్చిన సాయంకాలమే మేము ఇంటి యజమానునియొద్దకు పోయి తప్పు మాదని యొప్పుకొంటిమి. అతడు చాలసేపు మాటాడలేదు. తరువాతి ఆదివారము కారు తెప్పించి, అవ్వను, కుమారుని వెంటబెట్టుకొని, మమ్ముకూడ రమ్మనెను. ఎల్.బి.నగరు కూడలినుండి విజయవాడ బాటపట్టి పోయితిమి. కూతురి పెండ్లి అప్పటికే యయిపోయినది. పత్రిక తెచ్చిన ఆ మనుష్యుడు మమ్ము గుర్తుపట్టియు, గడచినదానినిగూర్చి యొక్కమాటయైన అనక, ముందు చెంబుతో నీళ్లు తెచ్చియిచ్చి, "కూసోండ్రి" అనెను. తరువాత ఆ వంశపుస్తకమును చేతికి తీసికొని తన తాత పేరుకొరకు మొదటినుండి తుదివరకు పుటలు తిప్పెను. దొరకలేదు. అవ్వ మాత్రము ఇంటి వెనుకకు పోయి, తల్లి చెప్పిన చింతచెట్టు కొరకు వెదకెను. అది యేనాడో పడిపోయినదట. మేము లాటిను పుస్తకమునుండి వ్రాసికొనిపోయిన ఊరిపేరు చదువగా అక్కడి పిల్లలు గొల్లున నవ్విరి. మూడక్షరములలో రెండు తప్పు. వారిచేత పలికించి, సరిగా వ్రాసికొంటిమి.

పుస్తకము రెండవమారు అచ్చునకు పోవుచున్నది. అందు వధువు పేరునెదుట "స్వగ్రామము" అని యొకటియు, "వివాహకాలమందలి మకాము" అని యొకటియు రెండు గడులుండును. మా సంతకముతో ఇట్టి యనువాదములు ఈ ఇరువదేండ్లలో మరికొన్ని యిండ్లకు పోయియున్నవి. చైతన్యపురి, కొత్తపేట, నాగోలు ప్రాంతములందు ఎవరియొద్దనైన నున్నచో, మూలముతోకూడ తెచ్చియిచ్చిన, వాస్తవ్యుడను మాట యున్నచోట కొట్టివేసి, దిద్ది, తేదివేసి మరల సంతకము చేసి యిత్తుము. దీనికి రుసుము లేదు.